స్టోర్‌లో లేని ప్లేయర్‌ని స్మార్ట్ టీవీలో ఎక్కించవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: 2019 మోడల్ శామ్‌సంగ్ టీవీ ఉంది, దాని యాప్ స్టోర్‌లో కోడి (Kodi) లేదు, వీఎల్‌సీ లేదు, అంటే మీరు అడిగే వీడియో ప్లేయర్లు రెండూ లేవు. ఏపీకే ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి గుచ్చితే వచ్చేస్తుందని ఎవరో వీడియోలో చెప్పారు, మీరు గుచ్చారు, టీవీ ఆ ఫైల్‌ని లిస్టులో చూపించను కూడా లేదు. హార్డ్‌డిస్క్‌లో ఉన్న ఎంకేవీ వీడియో ఫైల్స్‌లో కొన్నిటికి బొమ్మ వస్తోంది కానీ సౌండ్ రావడం లేదు. ఏదో ఒక తిప్పలు పడి కోడి ఎక్కించే దారి ఉందా అని.

సూటిగా చెప్తున్నా: ఆ టీవీలో కోడి ఎక్కదు, వీఎల్‌సీ కూడా ఎక్కదు. ఏపీకేతో అయితే ఎన్నటికీ ఎక్కదు. కాకపోతే మీ అసలు ఇబ్బంది కోడి లేకపోవడం కాదు, సౌండ్ రాకపోవడం. అది పైసా ఖర్చు లేకుండా పోగొట్టుకోవచ్చు. కాస్త ఖర్చుపెడితే ఇంకా హాయిగా ఉండే దారి కూడా ఉంది. రెండూ చెప్తాను. ముందు ఎందుకు ఎక్కదో రెండు ముక్కలు వినండి, లేకపోతే రేపు ఇంకో వీడియో చూసి ఇంకో సాయంత్రం పోగొట్టుకుంటారు.

ఏపీకే అంటే ఆండ్రాయిడ్ యాప్ ప్యాకేజీ. మీ టీవీలో ఉన్నది ఆండ్రాయిడ్ కాదు, టైజెన్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్. శామ్‌సంగ్ 2015 నుంచి తన స్మార్ట్ టీవీలకు అదే వాడుతోంది. ఎల్‌జీవాళ్లది 2014 నుంచి వెబ్‌ఓఎస్. సోనీ, టీసీఎల్, షావోమీ టీవీల్లో చాలా మోడళ్లు ఆండ్రాయిడ్ టీవీ లేదా గూగుల్ టీవీ మీద నడుస్తాయి. ఇంటర్నెట్‌లో "స్మార్ట్ టీవీలో కోడి పెట్టడం ఎలా" అని కనిపించే వాటిలో చాలావరకు ఈ మూడో రకం గురించే, కానీ ఆ ముక్క ఎవరూ మొదట్లో చెప్పరు. అందుకే ఎవరైనా నన్ను ఈ ప్రశ్న అడిగితే నేను తిరిగి అడిగే మొదటి మాట టీవీ కంపెనీ ఏదని కాదు, ఆపరేటింగ్ సిస్టమ్ ఏదని, ఏ సంవత్సరం మోడల్ అని.

టైజెన్ టీవీలో బయటి డెవలపర్లు రాసేవి ఎక్కువగా వెబ్ యాప్‌లు. అంటే పేరుకి యాప్ గానీ, లోపల అది ఒక బ్రౌజర్ ఇంజిన్‌లో నడిచే వెబ్ పేజీ. వీడియో ఆడించే అసలు పని టీవీలోని సొంత ప్లేయర్‌కే అప్పగిస్తుంది. కోడి అలాంటిది కాదు, సీ ప్లస్ ప్లస్‌లో రాసిన పెద్ద ప్రోగ్రామ్, గ్రాఫిక్స్‌నీ డీకోడర్‌నీ (ఫైల్‌ని విప్పి బొమ్మగా, సౌండ్‌గా మార్చే భాగాన్ని) తానే నేరుగా పట్టుకోవాలి. ఆ స్థాయి అనుమతి శామ్‌సంగ్ మామూలు డెవలపర్లకి ఇవ్వదు. ఎవరో బద్ధకించి కోడిని టైజెన్‌కి మార్చకపోవడం కాదన్నమాట, తలుపే లేదు.

ఇందులోంచే ఇంకో సంగతి కూడా తెలుస్తుంది, ఇది మీకు బాగా పనికొస్తుంది. టైజెన్‌లో మీరు ఏ ప్లేయర్ యాప్ వేసినా, దానికి ఎంత గొప్ప పేరు పెట్టినా, డీకోడ్ చేసేది దాదాపు ఎప్పుడూ ఆ టీవీ చిప్పే. టీవీకి రాని ఆడియో ఫార్మాట్ యాప్ మారిస్తే రాదు. శామ్‌సంగ్ 2018 మోడళ్ల నుంచి డీటీఎస్ అనే ఆడియో ఫార్మాట్‌కి సపోర్ట్ తీసేసింది. ఎల్‌జీ కూడా 2020లో తీసేసి, 2023లో కొన్ని మోడళ్లకి మళ్లీ ఇచ్చింది. మీది 2019 మోడల్. బొమ్మ వచ్చి సౌండ్ రాకపోవడం అంటే నేను ముందు డీటీఎస్‌నే అనుమానిస్తాను, ఆ తర్వాత ట్రూహెచ్‌డీ అనే ఇంకో ఆడియో ఫార్మాట్‌ని.

అనుమానం ఎందుకు, చూసేయండి. కంప్యూటర్‌లో మీడియాఇన్ఫో అనే చిన్న ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని, సౌండ్ రాని ఫైల్ ఒకటి, వచ్చే ఫైల్ ఒకటి అందులో తెరవండి. ఆడియో అన్న భాగంలో ఫార్మాట్ లైన్ చూడండి. రాని ఫైల్‌లో డీటీఎస్ అనో, ఎంఎల్‌పీ ఎఫ్‌బీఏ అనో ఉంటుంది (ఈ రెండోది ట్రూహెచ్‌డీకి మీడియాఇన్ఫో రాసే పేరు, చూసి కంగారు పడకండి). వచ్చే ఫైల్‌లో ఏసీ-3, ఈ-ఏసీ-3, ఏఏసీ వీటిలో ఏదో ఉంటుంది. ఒక్కోసారి అదే ఫైల్‌లో రెండు ఆడియో ట్రాక్‌లు ఉంటాయి, మొదటిది డీటీఎస్, రెండోది ఏసీ-3. అప్పుడు ఏమీ చేయక్కర్లేదు, టీవీ ప్లేయర్‌లో ఆడియో ట్రాక్ మార్చుకుంటే చాలు. ఇది చూడకుండానే కొత్త సౌండ్‌బార్ కొనడానికి సిద్ధపడ్డవాళ్లు నాకు తెలుసు.

ఖర్చు లేని దారి. ఆ కొన్ని ఫైల్స్ ఆడియోని మాత్రం మార్చేయండి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడితే వీడియోకి "కాపీ" అని, ఆడియోకి ఏసీ3, 640 కేబీపీఎస్ అని ఇవ్వాలి. వీడియోని ముట్టుకోదు కాబట్టి బొమ్మ క్వాలిటీ అణువంత కూడా తగ్గదు, రెండు గంటల సినిమా అయినా కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ప్రోగ్రామ్‌తో చేయమని కొందరు చెప్తారు, ఈ పనికి అది వద్దు, అది వీడియోని కూడా మొత్తం మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది, టైమూ పోతుంది, క్వాలిటీ కూడా. ఒరిజినల్ ఫైల్‌ని వెంటనే డిలీట్ చేయకండి, ముందు టీవీలో చూసి, పెదవుల కదలికకీ మాటకీ సరిపోయిందో లేదో గమనించండి.

పదో పరకో ఫైల్స్ అయితే ఇంతటితో మీ కథ ముగిసింది. వందల్లో ఉంటే, లేదా సబ్‌టైటిల్స్ గొడవ కూడా ఉంటే, కంప్యూటర్‌ని సర్వర్ చేసుకోవడం మేలు.

సర్వర్ అంటే భయపడక్కర్లేదు. జెల్లీఫిన్, ప్లెక్స్, ఎంబీ అని మూడు ప్రోగ్రామ్‌లు ఉన్నాయి. ఫైల్స్ ఉన్న కంప్యూటర్‌లో వీటిలో ఒకటి వేస్తే, టీవీలోని వాటి యాప్ నెట్‌వర్క్ ద్వారా ఆ లైబ్రరీని చూపిస్తుంది. టీవీకి అర్థం కాని ఆడియో వస్తే సర్వర్ అప్పటికప్పుడు మార్చి పంపిస్తుంది. ప్లెక్స్, ఎంబీ యాప్‌లు శామ్‌సంగ్ స్టోర్‌లోనే ఉన్నాయి, మీ మోడల్‌లో వస్తున్నాయో లేదో వెతికి చూడండి. ఒక్క ఆడియో మార్చడం పాత లాప్‌టాప్‌కైనా పెద్ద పని కాదు. బరువైన పనులు వేరే ఉన్నాయి: 4కే వీడియోని తగ్గించడం, హెచ్‌డీఆర్‌ని మామూలు రంగుల్లోకి మార్చడం, బొమ్మ రూపంలో ఉండే సబ్‌టైటిల్స్‌ని వీడియో మీద అచ్చు వేయడం. వీటికి గ్రాఫిక్స్ చిప్ సాయం కావాలి. ఇంటెల్ ప్రాసెసర్లలో ఉండే క్విక్ సింక్ (వీడియో మార్చే హార్డ్‌వేర్) 7వ తరం నుంచి 10 బిట్ హెచ్‌ఈవీసీ వీడియోని కూడా లాగేస్తుంది. ఆ సాయం వాడుకోవడం జెల్లీఫిన్‌లో ఉచితం, ప్లెక్స్‌లో దాని చందా కట్టాలి. నాకు జెల్లీఫిన్ ఇష్టం, ఎవరి అకౌంటూ అక్కర్లేదు, ఇంట్లో ఇంటర్నెట్ పోయినా సినిమా ఆడుతుంది.

సర్వర్ పెట్టాక "ఆగి ఆగి వస్తోంది" అని రాసేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ఇది ఇప్పుడే చెప్తాను. చాలా టీవీల ల్యాన్ పోర్ట్ వేగం 100 ఎంబీపీఎస్ మాత్రమే, ఖరీదైన మోడళ్లలో కూడా. 4కే బ్లూ-రే నుంచి నేరుగా తీసిన ఫైల్ బిట్‌రేట్ (సెకనుకి కావాల్సిన డేటా) కొన్ని సీన్లలో ఆ హద్దు దాటేస్తుంది, డిస్క్ ప్రమాణం 128 ఎంబీపీఎస్ దాకా అనుమతిస్తుంది. అందుకే రూటర్ దగ్గరగా ఉంటే 5 గిగాహెర్ట్జ్ వైఫై ఆ కేబుల్ కంటే వేగంగా ఉండొచ్చు. కేబుల్ ఎప్పుడూ మంచిదే అని నేర్చుకున్నవాళ్లకి ఇది మింగుడుపడదు, రెండూ పెట్టి చూస్తే గానీ నమ్మరు.

ఇక డెవలపర్ మోడ్ (స్టోర్‌లో లేని యాప్‌ని కంప్యూటర్ నుంచి ఎక్కించనిచ్చే సెట్టింగ్) సంగతి, ఎందుకంటే తర్వాత మీరు అదే అడుగుతారు. శామ్‌సంగ్ టీవీలో యాప్స్ స్క్రీన్‌లోకి వెళ్లి 12345 నొక్కితే డెవలపర్ మోడ్ పెట్టె తెరుచుకుంటుంది. అక్కడ మీ కంప్యూటర్ ఐపీ అడ్రస్ ఇచ్చి, టీవీని రీస్టార్ట్ చేసి, కంప్యూటర్‌లో టైజెన్ స్టూడియో అనే డెవలపర్ల ప్రోగ్రామ్ వేసుకుని, శామ్‌సంగ్ అకౌంట్‌తో సర్టిఫికెట్ తయారు చేసుకోవాలి. ఆ సర్టిఫికెట్‌లో మీ టీవీ గుర్తింపు సంఖ్య ఉండాలి, అది వేరే టీవీకి పనికిరాదు. జెల్లీఫిన్ లాంటి వెబ్ యాప్‌లని స్టోర్‌లో దొరకనప్పుడు ఇలా ఎక్కించుకునేవాళ్లు ఉన్నారు, నేను కూడా తెలిసినవాళ్ల ఇళ్లల్లో చేశాను. పని అవుతుంది. కానీ ఫ్యాక్టరీ రీసెట్ చేసినప్పుడు పోతుంది, యాప్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా ఇదంతా మళ్లీ చేయాలి, ఫోన్‌లో "అన్నా, అది కనిపించడం లేదు" అని పిలుపు వస్తూనే ఉంటుంది. మీ సొంత టీవీకి, సరదా ఉంటే చేయండి. పెద్దవాళ్లు వాడే టీవీకి మాత్రం చేసి వదిలేయకండి.

ఇంకో చిక్కు టీవీలోని బ్రౌజర్ ఇంజిన్ వయసు. 2019 శామ్‌సంగ్ మోడళ్లలో ఉన్నది క్రోమియం 63, అంటే 2017 చివరి నాటిది. టీవీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అవుతూనే ఉన్నా ఆ ఇంజిన్ మాత్రం టీవీ కొన్ననాటి తరంలోనే ఆగిపోతుంది. కొత్త వెబ్ యాప్‌లు వాడే కోడ్ దానికి అర్థం కాక, నల్ల తెర పెట్టి కూర్చుంటుంది, ఎర్రర్ కూడా చూపించదు. "నిన్నటిదాకా పనిచేసిన యాప్ అప్‌డేట్ తర్వాత తెరుచుకోవడం లేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటి వెనక ఉన్న కారణం ఇదే. తప్పు మీది కాదు, అలాగని సరిచేయడం మీ చేతిలోనూ లేదు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం వేరే టీవీల గురించి కూడా.

ఎల్‌జీ టీవీ ఉన్నవాళ్ల పరిస్థితి నయం. 2024లో వచ్చిన కోడి 21 నుంచి వెబ్‌ఓఎస్‌కి కోడి ఉంది, అయితే ఎల్‌జీ స్టోర్‌లో కాదు. ఎల్‌జీ డెవలపర్ అకౌంట్ ఉచితంగా తెరిచి, స్టోర్ నుంచి డెవలపర్ మోడ్ యాప్ వేసుకుని, కంప్యూటర్ నుంచి ఎక్కించాలి. ఆ యాప్ తెర మీద ఆరు అక్షరాల పాస్‌ఫ్రేజ్ కనిపిస్తుంది, అందులో పెద్ద అక్షరం చిన్న అక్షరం తేడా ఉంటుంది, సున్నాకీ ఓ అక్షరానికీ పొరపాటు పడతారు, కనెక్ట్ కావడం లేదని మొత్తం మళ్లీ మొదలుపెట్టకుండా ముందు దాన్ని ఇంకోసారి చూడండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ డెవలపర్ సెషన్‌కి గడువు ఉంటుంది. ఇప్పుడది 1000 గంటలు. పొడిగించడం మరిచిపోతే ఎక్కించిన యాప్‌లని టీవీ తుడిచేస్తుంది. ఫోన్‌లో నెలకొకసారి రిమైండర్ పెట్టుకోండి. రూట్ చేస్తే, అంటే టీవీ సాఫ్ట్‌వేర్ మీద పూర్తి అధికారం తెచ్చుకుంటే, ఈ గడువు గొడవ ఉండదు, కానీ రూట్ చేసే లొసుగుల్ని ఎల్‌జీ అప్‌డేట్స్‌లో మూసేస్తూ పోతుంది, మీ వెర్షన్‌కి దారి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. వారంటీలో ఉన్న టీవీ జోలికి పోవద్దనే చెప్తాను.

ఆండ్రాయిడ్ టీవీ, గూగుల్ టీవీవాళ్లకి అసలు సమస్యే లేదు, కోడి, వీఎల్‌సీ రెండూ ప్లే స్టోర్‌లోనే ఉన్నాయి, అక్కడి నుంచే వేసుకోండి. స్టోర్ మీ టీవీకి చూపించకపోతే అప్పుడు ఏపీకే. అక్కడ తరచూ తగిలే అడ్డంకి ఒకటుంది: చిప్ 64 బిట్ అయినా చాలా టీవీల్లో నడిచే ఆండ్రాయిడ్ 32 బిట్. 64 బిట్ ఏపీకే వేస్తే "యాప్ ఇన్‌స్టాల్ కాలేదు" అని ఒక్క ముక్క చెప్పి ఊరుకుంటుంది, కారణం చెప్పదు. కోడి సైట్‌లో ఏఆర్‌ఎం వీ7ఏ అని ఉండే 32 బిట్ ఫైల్ తీసుకోండి. ఏపీకే ఎప్పుడూ తయారుచేసినవాళ్ల సైట్ నుంచే, కోడి అయితే కోడి సైట్, వీఎల్‌సీ అయితే వీడియోలాన్ సైట్. వేరే చోట దొరికే "అన్నీ ముందే లోడ్ చేసిన కోడి" వద్దేవద్దు. కోడి తనంతట తాను ఏ సినిమా ఇవ్వదు, అది ఖాళీ ప్లేయర్. అందులో లోకంలోని సినిమాలన్నీ ఉన్నాయని ఎవరైనా అంటే, ఎవరో వాటిని దొంగదారిలో తెచ్చి పెట్టారని, వాటితోపాటు ఇంకేం పెట్టారో మీకు చెప్పరని అర్థం.

భద్రత గురించి ఇంకో మాట చెప్పి ముందుకెళ్తాను. ఏపీకే ఎక్కించడానికి ఏడీబీ డీబగ్గింగ్ (కంప్యూటర్ నుంచి పరికరాన్ని నేరుగా నడిపే దారి) ఆన్ చేసి ఉంటే, పని కాగానే ఆపేయండి. ఏడీబీ వాడే 5555 పోర్ట్ తెరిచి వదిలేసిన ఆండ్రాయిడ్ పరికరాల్లోకి 2018లో క్రిప్టో మైనింగ్ మాల్వేర్ ఇలాగే పాకింది, వాటిలో టీవీ బాక్స్‌లు కూడా ఉన్నాయి.

ఇప్పుడు ఆ రెండో దారి. టీవీలో ఏమీ ఎక్కించకండి, హెచ్‌డీఎంఐ పోర్ట్‌కి ఒక చిన్న పెట్టె తగిలించండి. నేను ఎవరికి సెటప్ చేసినా చివరికి ఎక్కువసార్లు ఇక్కడికే వస్తాను. టీవీ ప్యానెల్ పదేళ్లు బతుకుతుంది, దాని లోపలి సాఫ్ట్‌వేర్ మూడు నాలుగేళ్లకే ముసలిదైపోతుంది. బయటి పెట్టె అయితే అవసరమైనప్పుడు అదొక్కటే మార్చుకోవచ్చు. డీటీఎస్‌ని కోడి తానే డీకోడ్ చేసి పీసీఎంగా, అంటే కుదించని మామూలు సౌండ్‌గా, టీవీకి పంపుతుంది కాబట్టి టీవీకి డీటీఎస్ రాకపోయినా మీకు వినిపిస్తుంది. సబ్‌టైటిల్స్‌కి కూడా ఇదే మేలు. టీవీ సొంత ప్లేయర్లలో రంగులు, స్థానాలు ఉన్న ఏఎస్‌ఎస్ సబ్‌టైటిల్స్ సరిగా రావు. తెలుగు లాంటి లిపులు చాలా టీవీల్లో ఒత్తులు విడిపోయి, గుణింతాలు ఎక్కడో తేలుతూ వస్తాయి. కోడిలో తెలుగు ఉన్న ఫాంట్ పెట్టుకుంటే చక్కగా చదువుకోవచ్చు.

ఏ పెట్టె అంటే, తేలిక కావాలంటే గూగుల్ సర్టిఫికేషన్ ఉన్న ఆండ్రాయిడ్ టీవీ పెట్టె లేదా స్టిక్. ఫైర్ టీవీ స్టిక్ తీసుకుంటే మోడల్ చూసి తీసుకోండి, 2025లో అమెజాన్ వేగా ఓఎస్‌తో ఒక కొత్త స్టిక్ తెచ్చింది, అది ఆండ్రాయిడ్ కాదు, అందులో ఏపీకేలు ఎక్కవు. చేత్తో పని చేసుకునే ఓపిక ఉంటే రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద లిబ్రెలెక్ (కోడి కోసమే చేసిన ఆపరేటింగ్ సిస్టమ్) వేసుకోండి, ఆన్ చేయగానే నేరుగా కోడి తెరుచుకుంటుంది. పై 4లో హెచ్‌ఈవీసీ, హెచ్.264 అనే వీడియో ఫార్మాట్లు రెండిటికీ హార్డ్‌వేర్ డీకోడర్ ఉంది. పై 5లో హెచ్.264కి తీసేశారు, కాకపోతే ప్రాసెసర్ బలంగా ఉండడంతో 1080పీ దాకా ఇబ్బంది తెలియదు. టీవీ సెట్టింగ్స్‌లో సీఈసీ ఆన్ చేసుకుంటే, శామ్‌సంగ్ దాన్ని ఎనీనెట్ ప్లస్ అంటుంది, టీవీ రిమోట్‌తోనే కోడిని నడిపించొచ్చు, రెండో రిమోట్ కోసం సోఫా సందుల్లో వెతుక్కునే పని ఉండదు.

పేరూ ఊరూ లేని చవక ఆండ్రాయిడ్ పెట్టెలు మాత్రం వద్దు. ఫ్యాక్టరీలోనే మాల్వేర్ ఎక్కించి అమ్ముతున్నవి ఉన్నాయి. బ్యాడ్‌బాక్స్ 2.0 పేరుతో ఇలాంటి పరికరాల బాట్‌నెట్ (దొంగలు దూరం నుంచి నడిపే పరికరాల గుంపు) గురించి అమెరికా ఎఫ్‌బీఐ 2025 జూన్‌లో హెచ్చరిక విడుదల చేసింది. పెట్టె తెరవగానే గూగుల్ భద్రతా తనిఖీ అయిన ప్లే ప్రొటెక్ట్‌ని ఆపేయమనో, తెలియని స్టోర్ నుంచి యాప్‌లు దించుకోమనో అడిగితే అక్కడే ఆగిపోండి.

ఒక్క రకం ఫైల్ గురించి ముందే చెప్పి పెడతాను, చాలా పెట్టెల్లో ఇది తలనొప్పే. 10 బిట్ హెచ్.264. పాత యానిమే కలెక్షన్లలో బాగా కనిపిస్తుంది. దీనికి టీవీల్లోనూ స్టిక్‌లలోనూ హార్డ్‌వేర్ డీకోడర్ దాదాపు ఉండదు, బొమ్మ గళ్లు గళ్లుగా విరిగిపోతుంది లేదా అసలు రాదు. 10 బిట్ హెచ్‌ఈవీసీ చక్కగా ఆడుతుంది కాబట్టి ఇదీ ఆడాలి కదా అని తెల్లబోతారు. ప్రాసెసర్ బలం ఉన్న పెట్టెలోనో, సర్వర్ ట్రాన్స్‌కోడింగ్‌తోనో (సర్వర్ అప్పటికప్పుడు ఫార్మాట్ మార్చి పంపడం) తప్ప వేరే మార్గం లేదు.

మీ వరకు నేను చెప్పే వరుస ఇది: ముందు మీడియాఇన్ఫో, ఆడియో డీటీఎస్ అని తేలితే ఒక ఫైల్ మార్చి చూడండి, నచ్చితే మిగతావి కూడా. అది విసుగనిపిస్తే అప్పుడు సర్వరో పెట్టెనో ఆలోచిద్దాం. సౌండ్ రాని ఫైల్ ఒకదాని ఆడియో ఫార్మాట్ లైన్, టీవీ పూర్తి మోడల్ నంబర్ ఇక్కడ పెట్టండి. ఇంట్లో సౌండ్‌బార్ ఉంటే అది ఏఆర్‌సీ పోర్ట్‌కి (టీవీ సౌండ్‌ని బయటికి పంపే హెచ్‌డీఎంఐ) తగిలించారో, మామూలు హెచ్‌డీఎంఐకో కూడా చెప్పండి, ఎందుకంటే దాన్నిబట్టి ఏసీ3కి మార్చాలా, ఏఏసీ సరిపోతుందా అన్నది మారుతుంది.